నీళ్లు దాచుకున్న అడవి: ముంబై కన్హేరి కొండబాట

ముంబై పశ్చిమ శివారులోని బోరివలి రైల్వేస్టేషన్‌లో దిగి తూర్పువైపు కొద్ది దూరం నడిస్తే, పగలూ రాత్రీ వాహనాలతో కిక్కిరిసి ఉండే పశ్చిమ ఎక్స్‌ప్రెస్ రహదారికి ఆవలి పక్కన సంజయ్‌గాంధీ జాతీయోద్యానం ముఖద్వారం ఎదురవుతుంది. 2011 జనాభా లెక్కల నాటికే 1 కోటి 24 లక్షల మంది నివసిస్తున్న మహానగరానికీ, దానికి ఆనుకుని ఉన్న ఠాణే నగరానికీ నడుమ సుమారు 103 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ అడవిలో చిరుతపులులు తిరుగుతాయి, రెండు జలాశయాలు ఉన్నాయి, రెండువేల ఏళ్ల కిందట తొలవడం మొదలైన బౌద్ధ గుహలు ఉన్నాయి. ఆ గుహలున్న కన్హేరి కొండ నెత్తిమీదికి ఎక్కినవారికి ఒక వైపు అడవి, మరొక వైపు నగరం ఏకకాలంలో కనిపిస్తాయి. గజం నేల కోసం కోర్టులకెక్కే ఊళ్లో ఇంత అడవి ఎలా మిగిలిందన్న ప్రశ్నకు జవాబు ఆ కొండకు వెళ్లే బాట పొడుగునా దొరుకుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, ఈ అడవిని కాపాడింది చెట్ల మీద ప్రేమ కంటే ముందు నీటి అవసరం.

నగరం నడుమ ఉన్న జాతీయోద్యానం ప్రపంచంలో ఇదొక్కటేనని ముంబై గైడ్లు గట్టిగా చెబుతుంటారు గానీ ఆ మాట నిజం కాదు. కెన్యా రాజధాని నైరోబీని ఆనుకుని ఇంతకంటే పెద్ద ఉద్యానమే ఉంది, చెన్నైలో గిండీ ఉంది, హైదరాబాదు బంజారాహిల్స్ పక్కనున్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు కూడా చట్టప్రకారం జాతీయోద్యానమే. ముంబై అడవి విశిష్టత వేరే చోట ఉంది. ఇంత జనసాంద్రత మధ్య ఇంత పెద్ద అడవి, అందులో ఇన్ని చిరుతలు ఉండడం మాత్రం నిజంగానే అరుదు.

ముఖద్వారం నుంచి గుహల దాకా సుమారు 6 కిలోమీటర్ల తారురోడ్డు ఉంది. ఉద్యానం వారి బస్సులో పావుగంటలో చేరుకోవచ్చు, అద్దె సైకిలు తీసుకోవచ్చు, నడవవచ్చు. మొదటి కిలోమీటరులో అడవి కంటే పార్కు లక్షణమే ఎక్కువ. పిల్లల రైలు, పడవల చెరువు, సఫారీ టికెట్ల వరసలు, వ్యాయామం కోసం తెల్లవారకముందే వచ్చిన నడిమి వయసువారి గుంపులు దాటాక గాని చెట్లు దగ్గరపడవు. రోడ్డు పక్కన అక్కడక్కడా కనిపించే వాగు దహిసర్ నది. ఈ కొండల్లో పుట్టి, అడవి దాటేవరకు తేటగా పారి, ఊళ్లోకి అడుగుపెట్టగానే మురుగుకాల్వగా మారే ఈ నదిని పైన ఒకసారి, కింద ఒకసారి చూసినవారికి అడవి చేసే పని ఏమిటో వేరే వివరించనక్కర్లేదు.

ఈ అడవిని వృక్షశాస్త్రం తేమగల ఆకురాల్చే అడవిగా వర్గీకరిస్తుంది. వానాకాలంలో సమృద్ధిగా తడిసి, వేసవిలో నీటిని పొదుపు చేసుకోవడానికి ఆకులన్నీ వదిలేసే చెట్లు అధికంగా ఉన్న అడవి అని దీని అర్థం. టేకు, చండ్ర, కానుగ, బూరుగ, మోదుగ, ఇప్ప, కడిమి, వెదురు వంటివి తెలుగు పాఠకులు నల్లమలలోనో పాపికొండల్లోనో చూసినవే. ముంబైలో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి, అంటే హైదరాబాదుకు రెండున్నర రెట్లకు పైగా వాన పడుతుంది. కానీ అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే పడిపోతుంది గనుక, మిగిలిన ఎనిమిది నెలలు చెట్లు, జంతువులు, ఒకప్పుడు ఇక్కడ బతికిన భిక్షువులు అందరూ ఆ నాలుగు నెలల నిల్వ మీదే ఆధారపడవలసి వచ్చింది. ఏప్రిల్‌లో ఇదే రోడ్డు మీద నడిస్తే టేకాకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతాయి. బెరడు ఊడి తెల్లగా నిలబడ్డ తపసి చెట్లు ఎండిన కొండవాలు మీద దూరానికే కనిపిస్తాయి. జూన్ రెండో వారంలో మొదటి వాన పడ్డాక పది పదిహేను రోజుల్లో అదే కొండ గుర్తుపట్టలేనంత పచ్చబడుతుంది.

బాట పక్కన చెట్ల నీడలో గుబురుగా, మనిషి ఎత్తుకు మించి పెరిగే పొదలను అక్కడివారు కర్వీ అంటారు. మున్నారులో పన్నెండేళ్లకొకసారి పూసే నీలకురింజికి ఇది దగ్గరి చుట్టం, రెండూ స్ట్రోబిలాంథిస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. కర్వీ ఏడేళ్లపాటు కేవలం ఆకులు వేస్తూ పెరిగి, ఎనిమిదో ఏట వానాకాలం చివర కొండవాలు కొండవాలంతా ఒకేసారి ఊదా నీలం రంగులో పూసి, విత్తనాలు రాల్చి చచ్చిపోతుంది. 2008లో, 2016లో, 2024లో ఈ అడవిలో కర్వీ పూసింది. ఆ లెక్కన తర్వాతి పూత 2032లో రావాలి. ఒకే తరం మొక్కలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూయడంలో ప్రకృతికి ఒక లాభం ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. విత్తనాలు తినే పురుగులు, పిట్టలు, ఎలుకలు ఎన్ని తిన్నా తినలేనన్ని గింజలు ఒక్క ఏడాదిలో నేల రాలితే, మిగిలినవి మొలకెత్తడానికి అవకాశం దొరుకుతుంది. పూలకోసం నగరవాసులు ఎనిమిదేళ్లు ఎదురుచూస్తారు గానీ, ఈ కొండల్లో ఉండే వర్లీ గిరిజనులకు కర్వీ పువ్వు కంటే కర్వీ పుల్ల ముఖ్యం. నిటారుగా పెరిగే ఆ పుల్లలతో తడికలు అల్లి, వాటికి మట్టీ పేడా మెత్తి గోడలు కట్టేవారు. బియ్యప్పిండి ముద్దతో మనుషులను త్రికోణాలుగా గీసే, ఇప్పుడు చీరల మీదా సంచుల మీదా ముద్రించి అమ్ముతున్న వర్లీ చిత్రాలు పుట్టింది అటువంటి గోడల మీదే.

గుహలకు చేరువవుతుండగా రోడ్డు వంపులు తిరిగి ఎక్కుతుంది, నేల రంగు మారుతుంది. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాతి పొరలు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట లావా ప్రవాహాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని గడ్డకట్టగా ఏర్పడినవని భూగర్భశాస్త్రం చెబుతుంది. ముంబై ప్రాంతం ఆ లావా నాటకంలో చివరి అంకాలకు చెందింది. కన్హేరి కొండలో ఎక్కువగా కనిపించేది అగ్నిపర్వత బ్రెక్సియా అనే శిల, అంటే పేలుళ్లలో ఎగిరిపడ్డ రాతిముక్కలు బూడిదతో కలిసి గట్టిపడిన రాయి. గుహ గోడకు చెయ్యి ఆనించి చూస్తే పిడికిలంత, గింజంత, ఒక్కోచోట తలకాయంత పెళ్లలు వేర్వేరు రంగుల్లో రాతిలో ఇరుక్కుని ఉండడం స్పష్టంగా తెలుస్తుంది. నున్నని శిల్పానికి ఇది అనువైన రాయి కాదు. అజంతాలోని పనితనంతో పోల్చి కన్హేరిని తక్కువ చేసేవారు ఉన్నారు గానీ, ఇటువంటి గరుకురాతిలో ఇంత పని చేయడమే గొప్ప. గుహల మెరుగు కంటే వాటి సంఖ్య, వాటి నీటి ఏర్పాటు ఇక్కడ ఎక్కువగా గమనించదగినవి.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం మొదలు క్రీస్తుశకం 10వ శతాబ్దం దాకా, అంటే వెయ్యేళ్లపాటు, ఇక్కడ నూరుకు పైగా గుహలు తొలిచారు. వాటిలో 3వ గుహ చైత్యం, అంటే భిక్షువులు సామూహికంగా పూజ చేసుకునే మందిరం. లోపల స్తూపం, రెండు వరసల్లో మొత్తం 34 స్తంభాలు, కమాను కప్పు, వాకిట్లో రెండు వైపులా తర్వాతి కాలంలో చెక్కిన, సుమారు 7 మీటర్ల ఎత్తున్న బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. మిగిలినవాటిలో అత్యధికం విహారాలు, అంటే నివాసాలు. ఒక చిన్న వసారా, వసారా గోడవెంబడి రాతిలోనే వదిలిన అరుగు, లోపల ఒకరిద్దరు పడుకోగల గది, ఇదీ వాటి నమూనా. ఆ వసారా బయట, ఒక మూలన, నేలమట్టంలో చతురస్రాకారపు నోరు తెరుచుకుని ఉండే గొయ్యి దాదాపు ప్రతి నివాసానికీ ఉంటుంది. అదే నీటితొట్టి.

ఆ తొట్ల పనితీరు నిదానంగా చూడవలసినది. కొండపైన పడ్డ వాన గుహ ముఖం మీదుగా కారి లోపలికి రాకుండా గుహ నెత్తిన, పక్కల, వేలెడు లోతు నుంచి జానెడు లోతు దాకా కాల్వలు తొలిచారు. ఆ కాల్వలు నీటిని పక్కకు మళ్లించి తొట్టిలో పడేస్తాయి. తొట్టి నోరు చిన్నది, లోపల కడుపు పెద్దది. ఎండ తగిలే నీటి ఉపరితలం తక్కువ గనుక ఆవిరయ్యేది తక్కువ, రాయి చల్లగా ఉండడం వల్ల నీరు చెడేదీ తక్కువ. ఒక తొట్టి నిండాక పొర్లిన నీరు కింది గుహ తొట్టికి చేరే ఏర్పాటు కొన్నిచోట్ల ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. వానాకాలంలో బౌద్ధ భిక్షువులు ఊరూరా తిరగడం మాని ఒకచోట నిలిచి ఉండాలన్న నియమాన్ని వర్షావాసం అంటారు. ఆ నియమంతో మొదలైన తాత్కాలిక మకాం ఏడాది పొడుగునా సాగే పెద్ద సంఘారామంగా మారడానికి సొపారా, కళ్యాణ్ రేవుల్లోని వ్యాపారుల ధనం ఎంత కారణమో, కొండరాతిలో దాచుకున్న ఈ వాననీరు అంతే కారణం.

ఎవరు ఏ తొట్టి తవ్వించారో చెప్పే శాసనాలు గోడల మీద ఉన్నాయి. కళ్యాణ్‌కు చెందిన స్వర్ణకారుడొకడు, వర్తకులు, భిక్షుణులు, గృహిణులు దాతలుగా కనిపిస్తారు. కొందరు గుహతోపాటు అక్షయనీవి కూడా ఇచ్చారు, అంటే అసలు ముట్టుకోకుండా దానిమీద వచ్చే రాబడితో భిక్షువులకు వస్త్రాలు వగైరా అమర్చే శాశ్వత నిధి. ఈ శాసనాల్లో తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది ఒక నీటితొట్టి దానశాసనమే. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి, మహాక్షత్రపుడి కూతురు అయిన ఒక స్త్రీ ప్రస్తావన అందులో ఉంది, సతేరకుడనే అమాత్యుడు ఆ తొట్టిని దానం చేసినట్టు ఉంది. పేరు సగం చెరిగిపోయిన ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడేనని చరిత్రకారుల అభిప్రాయం. శాతవాహనులకూ పశ్చిమ క్షత్రపులకూ తరాల తరబడి యుద్ధాలు జరిగాయి. శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా దగ్గరి బంధుత్వం కారణంగా నాశనం చేయలేదని రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు. ఆ బంధుత్వం ఏమిటో తేల్చే ఆధారాన్ని ఏ రాజప్రాసాదమూ దాచలేదు, కన్హేరి నీటితొట్టి దాచింది. ఇక్కడే శాసనాలున్న మరొక శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం తూర్పు తీరంలో, ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాంలోనూ దొరికింది. అరేబియా సముద్రం కనిపించే కొండనుంచి బంగాళాఖాతపు ఉప్పునేలల దాకా ఒక్క రాజు మాట చెల్లిన కాలం అది.

గోడల మీద పేర్లు రాసే దుర్వ్యసనానికి కన్హేరిలో పాత చరిత్రే ఉంది. 90వ గుహలో పహ్లవీ లిపిలో, అంటే ప్రాచీన పారశీక లిపిలో, క్రీ.శ. 1009, 1021 సంవత్సరాల్లో ఇక్కడికి వచ్చిన జొరాస్ట్రియన్ యాత్రికులు తమ పేర్లు చెక్కి వెళ్లారు. వెయ్యేళ్ల నాటిది గనుక అది చరిత్ర అయింది. నిన్నటి ప్రేమికుల పేర్లకు ఆ గౌరవం ఇవ్వనక్కర్లేదు, పట్టుబడితే జరిమానా తప్పదు.

గుహల వరసల మధ్య నుంచి రాతిలోనే తొలిచిన మెట్లు కొండపైకి తీసుకుపోతాయి. చాలామంది సందర్శకులు 3వ గుహ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి మళ్లిపోతారు గనుక, మెట్లెక్కిన కొద్దీ జనం పల్చబడి పిట్టల అరుపులు వినిపించడం మొదలవుతుంది. మెట్లు కొన్నిచోట్ల అరిగి నున్నబడ్డాయి, వానాకాలంలో పాచిపట్టి జారుతాయి. ఎక్కడం కష్టమైనదేమీ కాదు, మోకాళ్లు సరిగా ఉన్న అరవై ఏళ్లవారు ఆగి ఆగి ఎక్కగలరు. అయితే ఎండాకాలం పదిగంటలు దాటాక ఆ నల్లరాయి పెనంలా కాలుతుంది, పైన నీడ దాదాపు లేదు. కోతుల బెడద వేరు. తిండి ఉందని అనుమానం వస్తే సంచి జిప్పు తీయడం వాటికి బాగా తెలుసు.

పైకి చేరాక కొండ నెత్తి బోసిగా, అలలు అలలుగా పరుచుకున్న రాతినేల. పడమరకు తిరిగి నిలబడితే ముందు అడవి కప్పు, అది ఒక గీత గీసినట్టు తెగిపోయిన చోట బోరివలి, కాందివలి అపార్టుమెంట్ల గోడ, దానికి వెనుక మడ అడవుల పచ్చదనం, కాల్వలా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ పాయకు ఆవల గోరాయిలోని విపశ్యనా పగోడా బంగారు శిఖరం కనిపిస్తాయి. 2009లో ప్రారంభమైన ఆ పగోడా లోపల ఒక్క స్తంభమూ లేకుండా రాళ్లను ఒకదానికొకటి బిగించి కట్టిన గుమ్మటం ఉంది. ఒక బౌద్ధ కొండ మీద నిలబడి రెండువేల ఏళ్ల తర్వాతి బౌద్ధ కట్టడాన్ని చూడగలగడం ఈ వ్యూపాయింట్ ప్రత్యేకత. ఇతర దిక్కుల్లో మాత్రం కొండల వెనుక కొండలే, ఇళ్లు కంటికి ఆనవు. వీటికంటే ఎత్తయినది ఇదే అడవిలోని జంబుల్‌మాల్ శిఖరం, 450 మీటర్లు దాటిన ఆ శిఖరమే ముంబైలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు. అయితే అక్కడికి అటవీశాఖ అనుమతితో, తోడు మనిషితో తప్ప వెళ్లడానికి వీల్లేదు.

దృశ్యం ఎంత దూరం కనిపిస్తుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. జులై, ఆగస్టుల్లో మబ్బు కొండ మీదికే దిగి వస్తుంది గనుక పది గజాల అవతల ఏమీ కనిపించకపోవచ్చు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో నేలకు దగ్గరగా ఉన్న చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చోవడంతో నగరపు పొగ, ధూళి పైకి పోలేక బూడిదరంగు పొరగా నిలిచిపోతాయి. ఆ రోజుల్లో ఈ కొండ నుంచి కనిపించేది సముద్రం కాదు, ముంబై పీల్చే గాలి. వానలు వెనుదిరిగిన అక్టోబరులో, గాలి కడిగినట్టు ఉన్నప్పుడు, చూపు సముద్రం దాకా సాగుతుంది.

అడవి లోపలి వైపున, కొండల మడతల్లో, తులసి, విహార్ అనే రెండు జలాశయాలు దాగి ఉన్నాయి. ఈ కథకు అవే కీలకం. ఏడు దీవుల మీద పెరిగిన బొంబాయికి 19వ శతాబ్దం నడుమ నాటికి బావులు, చెరువులు చాలక, వేసవి వస్తే గుక్కెడు మంచినీళ్లకు కటకటలాడే పరిస్థితి ఏర్పడింది. మిఠీ నది ఎగువన ఆనకట్ట వేసి నిర్మించిన విహార్ జలాశయం 1860లో పూర్తయింది. గొట్టాల ద్వారా బొంబాయికి నీరు రావడం దానితోనే మొదలైంది. అది చాలకపోవడంతో 1879 నాటికి తులసి జలాశయం సిద్ధమైంది. జలాశయంలోకి వాననీరు ఏ కొండవాలుల నుంచి చేరుతుందో ఆ మొత్తం నేలను పరీవాహక ప్రాంతం అంటారు. అక్కడ ఊళ్లుంటే, సేద్యముంటే, పశువులుంటే ఆ మలినమంతా తాగునీటిలోకి వస్తుంది గనుక, ప్రభుత్వం ఆ కొండలను సేకరించి మనుషుల రాకపోకలను కట్టడి చేసింది. నీటిని శుద్ధిచేసే యంత్రాలు ఇంకా రాని కాలంలో అడవే వడపోత. నగరం ఉత్తరానికి పాకుతూ వచ్చినప్పుడు ఈ కొండలు దానికి లొంగకపోవడానికి తొలి కారణం ఇదే. వన్యప్రాణుల పేరిట చట్టాలు స్వాతంత్ర్యం తర్వాత వచ్చాయి. మొదట కృష్ణగిరి పేరుతో, తర్వాత బోరివలి పేరుతో పిలిచిన చిన్న ఉద్యానం జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కలుపుకుని విస్తరించి, నేటి పేరుకు, పరిమాణానికి చేరింది.

ఇప్పుడు ముంబైకి నీళ్లు ప్రధానంగా నూరు కిలోమీటర్ల దూరపు భాత్సా, వైతరణ, తాన్సా జలాశయాల నుంచి వస్తాయి. నగరం రోజూ తాగే నీటిలో విహార్, తులసి రెండూ కలిపి ఇచ్చేది నూటికి మూడు వంతులకు అటూ ఇటూ మాత్రమే. అలాగని అడవికి నీటితో పని తీరిపోయిందనుకోవడం పొరపాటు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు, మిఠీ నది పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ నది తల ఈ కొండల్లోనే ఉంది. కొండవాలు మీద ఆకుల చెత్త, వేళ్లు, వదులు మట్టి వాననీటిని ఆపి నిదానంగా వదిలితే వరద ఉధృతి తగ్గుతుంది. అదే వాలు మీద సిమెంటు పోస్తే పడిన చుక్క పడినట్టే కిందికి ఉరుకుతుంది.

చిరుతపులుల సంగతి చెప్పకుండా ఈ అడవిబాట గురించి రాస్తే పాఠకులు ఒప్పుకోరు. 2015లో ఆటోమేటిక్ కెమెరాలతో చేసిన లెక్కింపులో ఈ అడవిలో, చుట్టుపక్కల 35 చిరుతలను గుర్తించారు, 2018 లెక్కలో ఆ సంఖ్య 47కు చేరింది. ఏ రెండు చిరుతల ఒంటిమీది మచ్చలూ ఒక్కలా ఉండవు గనుక ఫొటోలను పోల్చి లెక్కపెట్టడం సాధ్యమవుతుంది. దుప్పులు, అడవిపందులతోపాటు అడవి అంచుల్లోని చెత్తకుప్పల దగ్గర మూగే ఊరకుక్కలు కూడా వీటికి ఆహారం. 2004లో, ముఖ్యంగా జూన్ నెలలో, చిరుతల దాడుల్లో పలువురు చనిపోవడంతో నగరం భయంతో వణికింది. వేరే చోట్ల పట్టిన చిరుతలను తెచ్చి ఈ అడవిలో వదలడం ఆ విషాదానికి ఒక కారణమని తర్వాత పరిశోధకులు చెప్పారు. చిరుతకు తనదైన హద్దు ఉంటుంది. దాన్ని పట్టుకుని కొత్తచోట వదిలితే పాత తావు వెతుక్కుంటూ జనావాసాల్లోంచి నడుస్తుంది, ఖాళీ అయిన తావులోకి మరో చిరుత వచ్చి చేరుతుంది. అంటే ఒక్క బోను రెండు చోట్ల గొడవ తెస్తుంది. ఆ పద్ధతిని తగ్గించి, 2011 నుంచి అటవీశాఖ, శాస్త్రజ్ఞులు, నగర పౌరులు కలిసి చెత్త తొలగింపు, రాత్రి వెలుతురు, పిల్లలను చీకట్లో ఒంటరిగా బయటికి పంపకపోవడం వంటి సాదా జాగ్రత్తలను ప్రచారం చేశాక దాడులు బాగా తగ్గాయి. వర్లీలు మాత్రం ఈ జంతువుతో సర్దుకుపోవడం ఎప్పుడో నేర్చారు. పెద్దపులినీ చిరుతనూ కలిపి వాఘోబా అనే దేవుడిగా కొలిచి, అడవి అంచున అతని గుర్తు నిలిపి మొక్కుకుంటారు. పగటిపూట జనం నడిచే బాట మీద చిరుత కనబడడం చాలా అరుదు. మసక చీకటి వేళల్లో బాట మీద ఉండకపోవడమే నడిచేవారు పాటించవలసిన ముఖ్య నియమం.

అడవి రక్షణ పేరిట జరిగినదంతా న్యాయమేనని చెప్పడం కష్టం. 1997లో బొంబాయి హైకోర్టు అడవి నేలలోని ఆక్రమణలను తొలగించాలని ఆదేశించిన తర్వాత వేలాది గుడిసెలు పడగొట్టారు. వాటిలో ఉన్నవారు ఎక్కువగా నగరంలో ఇల్లు కొనలేక కొండ పట్టిన కూలీలు. అదే కొండల్లో ఎన్నో తరాలుగా ఉంటున్న వర్లీ, మల్హార్ కోళీ వంటి గిరిజనుల పాడాలు, అంటే చిన్న పల్లెలు, కరెంటు, నీటి వసతుల కోసం ఇప్పటికీ పోరాడుతున్నాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వలసలను వరసపెట్టి చెప్పుకునే తెలంగాణ పల్లెలకు, కూలికి వచ్చినవాడు నగరంలో తల దాచుకునే చోటు వెతుక్కోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మరోపక్క ఇదే అడవి కింద నుంచి ఠాణే, బోరివలి మధ్య జంట సొరంగ రహదారుల పని చేపట్టారు. గుడిసెకు ఒక కొలబద్ద, రహదారికి మరొక కొలబద్ద అన్న విమర్శను తేలిగ్గా తోసిపుచ్చలేము.

కన్హేరి మీద నుంచి చూసిన తెలుగువారికి తమ నగరాలు గుర్తుకు రావడం సహజం. విశాఖపట్నంలో ముడసర్లోవ జలాశయానికి వెనుక నిలిచిన కంబాలకొండ అడవి కూడా ఊరిని ఆనుకుని చిరుతలున్న అడవే. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు, 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపాను అక్కడ లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది. హైదరాబాదులో 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో పెద్ద నిర్మాణాలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. ఆ జంట జలాశయాల మీద నగరం ఆధారపడడం తగ్గిపోయిందన్న వాదనతో 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో వెలువడింది. అదే వాదనను ముంబై తన విహార్, తులసి విషయంలో ఎన్నడో వినిపించి ఉంటే, కన్హేరి వ్యూపాయింట్ నుంచి నాలుగు దిక్కులా అపార్టుమెంట్లే కనిపించేవి.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. ఉద్యానానికి, గుహలకు సోమవారం సెలవు. రెండింటికీ విడివిడిగా టికెట్టు తీసుకోవాలి. గుహల పైకి వెళ్లే మెట్లు తప్ప అడవి లోపలి కాలిబాటలు చాలావరకు అనుమతితో, గైడు వెంట మాత్రమే నడవదగినవి. ఆ అనుమతి లేకుండా దొడ్డిదారిన అడవిలోకి చొరబడి తప్పిపోయేవారిని వెతకడం అటవీ సిబ్బందికి అదనపు భారం. తాగునీళ్లు కింది నుంచే తెచ్చుకోవాలి, ఖాళీ సీసా తిరిగి తీసుకుపోవాలి. వానాకాలంలో వాగుల్లోకి దిగరాదు, ఎగువన కురిసిన వాన నిమిషాల్లో కిందికి వచ్చేస్తుంది. తీరిక ఉన్నవారు బస్సులో వెళ్లి బస్సులో రావడం కంటే కనీసం ఒక వైపైనా నడవడం మేలు. అక్టోబరు నెలలో, వానలు ఆగిన వారం పది రోజుల తర్వాత, ద్వారం తెరిచిన వెంటనే బయల్దేరితే ఎండ ముదరకముందే కొండ ఎక్కి దిగవచ్చు.